కాంతిని దాటలేకపోవడం కాంతి గొప్పతనం కాదు

(చెన్నైలో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభలో వచ్చిన ప్రశ్నల్లో కొన్ని చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

మన జానపద కథల్లో రాజకుమారుడి గుర్రం వాయువేగ మనోవేగాలతో పోతుంది. వాయువేగం అంటే ఏమిటో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. 2016 డిసెంబరులో వర్దా తుఫాను వచ్చినప్పుడు గాలి గంటకి 100 కిలోమీటర్లు దాటింది, వీధుల్లో చెట్లు అడ్డంగా పడిపోయాయి. మనోవేగాన్ని కూడా శాస్త్రజ్ఞులు కొలిచారండి. నరాల్లో కబురు మహా వేగంగా పోయే చోట కూడా సెకనుకి సుమారు 120 మీటర్లే. గంటకి లెక్కేస్తే 430 కిలోమీటర్లు. మీనంబాకంలో ఎగిరే విమానం పైకి వెళ్లాక దీన్ని సునాయాసంగా దాటేస్తుంది. మనసు పరువు అంతటితో పోయింది.

కాంతి శూన్యంలో సెకనుకి 29,97,92,458 మీటర్లు పోతుంది. వాడుకలో 3 లక్షల కిలోమీటర్లు అంటాం. ఇంత వేగం కూడా చాలని చోట్లు ఉన్నాయి. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజు, అక్కడి నుంచి రేడియో సంకేతం మన దగ్గరికి రావడానికి దాదాపు పన్నెండున్నర నిమిషాలు పట్టింది. ఇంజను మండాల్సింది ఇరవై మూడు నిమిషాల పైచిలుకు. కబురు వచ్చి, దాన్ని చూసి, మళ్లీ మనం ఆదేశం పంపితే అది చేరేసరికి పాతిక నిమిషాలు. ఈలోగా ఇంజను పని మొత్తం అయిపోతుంది. అందుకే ఆదేశాలన్నీ ముందే నౌకలోకి ఎక్కించి ఉంచారు. బెంగళూరులో కూర్చున్నవాళ్లు ఆ ఇరవై మూడు నిమిషాలూ చేయగలిగింది చూడటం ఒక్కటే, అదీ పన్నెండున్నర నిమిషాల పాతది.

మరి ఇంకాస్త వేగంగా పంపకూడదా? ఎవరు ఆపుతున్నారు? ఇవాళ్టి విషయం ఇదే.

ముందు ఒక మాట. "కాంతి వేగం" అన్న పేరే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఆ పేరు వింటే, కాంతి ఏదో పరుగు పందెంలో మొదటి బహుమతి కొట్టినట్టు, రేపు ఎవరో వచ్చి దాన్ని ఓడించవచ్చన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ వేగం స్థలానికీ కాలానికీ మధ్య ఉన్న మారకపు రేటు. రూపాయికి ఎన్ని పైసలు అన్నట్టు, సెకనుకి ఎన్ని మీటర్లు అన్నమాట. ద్రవ్యరాశి లేనిది ఏదైనా ఆ వేగంతోనే పోవాలి. కాంతికి ద్రవ్యరాశి లేదు కాబట్టి అది ఆ వేగంతో పోతోంది, మనం ముందు దాన్ని చూశాం కాబట్టి దాని పేరు పెట్టేశాం. స్థలకాలాల్లో పుట్టే అలలు, అంటే గురుత్వ తరంగాలూ అంతే. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న తరంగం, ఆ తర్వాత గామా కిరణాలు భూమికి చేరాయి. 13 కోట్ల సంవత్సరాల ప్రయాణం తర్వాత రెండిటి మధ్య తేడా 1.7 సెకన్లు. ఆ కాస్త తేడా కూడా గామా కిరణాలు బయల్దేరడంలోనే ఆలస్యమై ఉండొచ్చు.

సరే, గట్టిగా తోసి చూద్దాం. న్యూటన్ లెక్కలో శక్తి నాలుగింతలు చేస్తే వేగం రెండింతలవుతుంది. శక్తి ఇస్తూ పోతే వేగానికి అంతుండకూడదు. దీన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది, 1964లో ప్రచురించారు. అమెరికాలో ఎంఐటీలో విలియం బెర్టోజీ చేశారు. ఎలక్ట్రాన్లని సుమారు 3 నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) చిన్న గుత్తులుగా వదలడం, గాలి తీసేసిన గొట్టంలో 8.4 మీటర్లు పరిగెత్తించడం, మొదట్లో ఒక విద్యుత్ స్పందన, చివర ఉన్న అల్యూమినియం బిళ్ల దగ్గర ఇంకో స్పందన తీసుకుని రెండిటినీ ఆసిలోస్కోపు తెర మీద చూడటం. ఆ రెండు స్పందనల మధ్య ఎడమే ప్రయాణ సమయం. ఇక్కడ మెలకువ కావాల్సింది కేబుళ్ల దగ్గర. రెండు కేబుళ్లూ సరిగ్గా ఒకే పొడవుండాలి. ఒకటి అడుగు పొడవెక్కువైతే ఒకటిన్నర నానోసెకను తప్పు వచ్చిపడుతుంది, కొలిచేదేమో ముప్పై నానోసెకన్లు.

ఎలక్ట్రాన్లకి 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి వాడే చిన్న కొలత) శక్తి ఇచ్చినప్పుడు 32.3 నానోసెకన్లు పట్టింది. 10 లక్షలకి 30.8. 15 లక్షలకి 29.2. 45 లక్షలకి 28.4. కోటిన్నరకి 28.0. కాంతి అదే 8.4 మీటర్లకి తీసుకునేది 28.0. చూశారా, శక్తి ముప్పై రెట్లు పెంచితే తగ్గింది నాలుగు నానోసెకన్ల చిల్లర. న్యూటన్ మాటే నిజమైతే కోటిన్నర వోల్టుల ఎలక్ట్రాన్ కాంతికి ఏడున్నర రెట్ల వేగంతో, నాలుగు నానోసెకన్లకి లోపే అవతల తేలాలి.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక సందేహం లేవనెత్తుతారు. శక్తి అసలు ఎలక్ట్రాన్లకి చేరిందా, దారిలో ఎక్కడైనా కారిపోయిందా? బెర్టోజీ ఆ దారి కూడా మూసేశారు. చివరన ఉన్న అల్యూమినియం బిళ్లకి ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తగిలించి, ఎలక్ట్రాన్లు గుద్దుకున్నప్పుడు ఎంత వేడెక్కిందో కొలిచారు. ఇచ్చిన శక్తికీ పుట్టిన వేడికీ లెక్క నూటికి పది లోపు తేడాతో సరిపోయింది. శక్తి చేరింది, వేగంగా మాత్రం మారలేదు. ఈ ప్రయోగాన్ని కాలేజీ పాఠాల్లో ఒక వాక్యంలో దాటేస్తారు, నాకైతే దాని కోసం ఒక పీరియడ్ మొత్తం ఇవ్వాలనిపిస్తుంది.

ఇవాళ ఇదే సంగతి జెనీవా దగ్గర కణాల్ని పరిగెత్తించే మహాయంత్రం ఎల్‌హెచ్‌సీలో రోజూ జరుగుతుంది. ప్రోటాన్లు ఆ 27 కిలోమీటర్ల వలయంలోకి వచ్చేటప్పటికే కాంతి కన్నా సెకనుకి 650 మీటర్లు మాత్రమే వెనకబడి ఉంటాయి. అక్కడ వాటి శక్తిని పదిహేను రెట్లు పెంచుతారు. చివరికి వెనకబాటు సెకనుకి మూడు మీటర్లు. మెరీనాలో పొద్దున్నే జాగింగ్ చేసేవాళ్ల వేగమంత. ఆ మూడు మీటర్లూ పూడదు.

ఎందుకు పూడదు? "వేగం పెరిగేకొద్దీ ద్రవ్యరాశి పెరుగుతుంది, అందుకే తోయలేం" అని పాత పుస్తకాల్లో రాసేవారు. ఆ మాట పూర్తిగా తప్పనను గానీ, అపోహకి బాట వేస్తుంది. ఎలక్ట్రాన్ లావెక్కలేదు. మారింది వేగాలు కూడే పద్ధతి.

బీచ్ స్టేషన్ నుంచి తాంబరం లోకల్ గంటకి 60 కిలోమీటర్లతో పోతోందనుకోండి. లోపల మీరు అదే దిక్కున గంటకి 5 కిలోమీటర్లతో నడుస్తున్నారు. ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డ మనిషికి మీ వేగం 65 అంటాం. అసలు లెక్క అది కాదు. 65ని ఇంకో సంఖ్యతో భాగించాలి: ఒకటికి, రెండు వేగాల లబ్ధాన్ని కాంతి వేగపు వర్గంతో భాగించగా వచ్చినది కలిపితే ఆ సంఖ్య. మన రైలు విషయంలో అది ఒకటికి ఎంత దగ్గరంటే, గంటసేపు అలా సాగినా రెండు లెక్కల తేడా ఒక పరమాణువు వెడల్పంత కూడా రాదు. అందుకే తరతరాలుగా ఎవరికీ అనుమానం రాలేదు.

అదే రైలు కాంతిలో సగం వేగంతో పోతోందనుకుంటే? అందులోంచి ముందుకి ఇంకో రైలు, అది కూడా మొదటి రైలుతో పోలిస్తే సగం వేగంతో. మామూలు కూడికలో ఒకటి రావాలి. వచ్చేది 0.8. అందులోంచి ఇంకోటి: 0.929. ఇంకోటి: 0.976. మరొకటి: 0.992. ప్రతి రైలులోవాళ్లకీ తోపు మాత్రం ఒకే రకంగా, సగం వేగం పెరిగినట్టే ఉంటుంది. వాళ్లు తలెత్తి ముందుకి టార్చి వేస్తే, ఆ వెలుతురు మళ్లీ వాళ్ల నుంచి పూర్తి 3 లక్షల కిలోమీటర్ల వేగంతో దూరమవుతూనే కనిపిస్తుంది. ఐదుసార్లు తోసుకున్నా కాంతికి అంగుళం దగ్గరవలేదు. ఎండమావి వెనక పడ్డ లేడి పరిస్థితి.

ఇది కాంతిని చూసి అల్లిన సూత్రం కదా, కాంతిని పక్కన పెడితే వేరే సూత్రం వస్తుందేమో అనిపించవచ్చు. 1910లో ఇగ్నటోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త కాంతి ఊసే ఎత్తకుండా లెక్క మొదలుపెట్టారు. స్థలం అన్నిచోట్లా ఒకేలా ఉంది, కాలం ఎప్పుడూ ఒకేలా ఉంది, నిలకడగా కదిలే పరిశీలకులందరూ సమానులే. ఈ మూడూ ఒప్పుకుంటే మిగిలేవి రెండే దారులు. వేగానికి హద్దే లేకపోవడం ఒకటి, అది న్యూటన్ దారి. అందరికీ ఒకేలా కనిపించే ఒక హద్దు ఉండటం రెండోది. ఏ దారో తర్కం చెప్పదు, బెర్టోజీ బిళ్ల లాంటివి చెప్పాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. పోనీ వస్తువుని తోయలేం, వేరే ఏదో ఉపాయంతో కబురు పంపాం అనుకుందాం. ఏం కొంప మునుగుతుంది? అంకెలతోనే చూద్దాం, కాగితం ఉంటే రాసుకోండి.

చెన్నై నుంచి అంగారకుడు 12 కాంతి నిమిషాల దూరంలో, అంటే కాంతికి 12 నిమిషాలు పట్టే దూరంలో ఉన్నాడనుకుందాం. మన దగ్గర కాంతికి నాలుగు రెట్ల వేగంతో కబురు పంపే పెట్టె ఉంది. మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకి కబురు పంపాం. మూడు నిమిషాల్లో, 12 గంటల 3 నిమిషాలకి చేరింది. ఇంతవరకూ ఏ గొడవా లేదు.

అదే క్షణంలో అంగారకుడి పక్క నుంచి ఒక నౌక, మన నుంచి దూరంగా పోయే దిక్కులో, కాంతి వేగంలో 0.8 వంతుతో దూసుకుపోతోంది. అంగారకుడి మీదవాళ్లు ఆ కబురుని నౌకకి అందించారు. నౌకలోవాళ్ల గడియారం ప్రకారం కబురు చేరింది ఎప్పుడు? మనం కబురు పంపిన క్షణాన్ని అందరూ సున్నా అనుకుంటే లెక్క ఇది: సమయం లోంచి వేగాన్ని దూరంతో గుణించినది తీసెయ్యాలి, వచ్చినదాన్ని 0.6తో (1 లోంచి 0.8 వర్గం తీసేస్తే మిగిలేదాని వర్గమూలం) భాగించాలి. 3 లోంచి 9.6 పోతే మైనస్ 6.6. దాన్ని 0.6తో భాగిస్తే మైనస్ 11. అంటే నౌకలోవాళ్ల లెక్కలో, మనం కబురు పంపడానికి 11 నిమిషాల ముందే అది చేరిపోయింది. వాళ్ల గడియారం చెడిపోలేదు. మన గడియారమెంత సరైనదో వాళ్లదీ అంతే.

ఇక్కడితో ఆగితే "చూసేవాళ్ల తేడా" అని సర్దుకోవచ్చు. నౌకలోవాళ్ల దగ్గరా అలాంటి పెట్టే ఉంది. వాళ్లు జవాబు పంపుతారు, వాళ్లతో పోలిస్తే కాంతికి నాలుగు రెట్ల వేగంతో. ఆ క్షణాన వాళ్ల కొలతలో చెన్నై 7.2 కాంతి నిమిషాల దూరంలో ఉంది, 0.8 వేగంతో వెనక్కి జరిగిపోతోంది. జవాబు చెన్నైని అందుకునే వేగం 4 లోంచి 0.8 తీస్తే 3.2. 7.2ని 3.2తో భాగిస్తే రెండుంపావు నిమిషాలు. మైనస్ 11కి రెండుంపావు కలిపితే మైనస్ 8.75. వాళ్ల లెక్కలో చెన్నై గడియారం 0.6 వంతు నడుస్తుంది కాబట్టి చెన్నైలో ఆ సమయం మైనస్ 5.25.

అంటే మనం 12 గంటలకి పంపబోయే కబురుకి జవాబు 11 గంటల 54 నిమిషాల 45 సెకన్లకే చేతికొచ్చింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఇక్కడ సోమలింగం అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆ జవాబులో "కబురు పంపకు" అని ఉంటే? పంపకపోతే జవాబు లేదు, జవాబు లేకపోతే పంపుతాం.

ఈ లెక్క నుంచి తప్పించుకోవడానికి ఒక సందు ఉంది, దాచడం ఎందుకు. పరిశీలకులందరూ సమానులు అన్న మాట వదిలేసి, విశ్వానికంతటికీ ఒక అసలు గడియారం ఉందని, పెట్టెలన్నీ ఆ గడియారాన్నే పాటిస్తాయని అనొచ్చు. అలాంటి ప్రత్యేక స్థితి కోసం 1887లో మైకెల్సన్, మోర్లీ వెతికారు. అప్పటి నుంచి ఎంతో సూక్ష్మంగా వెతుకుతూనే ఉన్నారు. దొరకలేదు.

ఒకసారి మాత్రం హద్దు దాటినట్టే కనిపించింది. 2011 సెప్టెంబరులో ఒపెరా ప్రయోగం వాళ్లు, జెనీవా దగ్గర నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా 730 కిలోమీటర్లు భూమిలోంచి వచ్చిన న్యూట్రినోలు (దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి తేలిక కణాలు) కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు వచ్చాయని ప్రకటించారు. తప్పు దొరికింది ఎక్కడో తెలుసా? జీపీఎస్ సమయాన్ని పైనుంచి భూగర్భ ప్రయోగశాలకి తెచ్చే ఫైబరు కేబులు కొనలో. కనెక్టరు పూర్తిగా బిగించలేదు. దాంతో వచ్చే వెలుతురు మసకబారింది. అటువైపు దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం ఆ మసక వెలుతురుతో నిండటానికి ఎక్కువసేపు తీసుకుంది. గడియారం 70 నానోసెకన్ల పైచిలుకు వెనకబడింది. మన గోడ గడియారం ఐదు నిమిషాలు స్లో అయితే చుట్టం ఐదు నిమిషాలు ముందొచ్చినట్టు కనిపిస్తాడు కదా, అదే సంగతి. గడియారం డోలకంలో ఇంకో చిన్న లోపం ఉంది, అది ఉల్టా దిక్కులో పనిచేసి మొదటి తప్పుని కొంత కప్పింది. 2012లో అన్నీ సరిచేసి కొలిస్తే న్యూట్రినోలు కాంతితో పాటే వచ్చాయి.

ఆ ఫలితాన్ని మొదటి రోజే అనుమానించడానికి మంచి కారణం కూడా ఉంది. 1987లో కనిపించిన సూపర్‌నోవా 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలింది. దాని న్యూట్రినోలు వెలుతురు కన్నా కొన్ని గంటల ముందు వచ్చాయి. నక్షత్రం నడిమధ్య పుట్టిన న్యూట్రినోలు వెంటనే బయటపడతాయి, వెలుతురు పైపొర పగిలేదాకా ఆగాలి, అందుకే ఆ గంటలు. ఒపెరా చెప్పిన వేగమే నిజమైతే అవి నాలుగేళ్ల ముందే వచ్చి ఉండాలి.

ఇందాక తాంబరం అన్నాను కదా. అక్కడి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన ఇ.సి.జి. సుదర్శన్, బిలాన్యుక్, దేశ్‌పాండే అనే సహచరులతో కలిసి 1962లో ఒక ప్రశ్న వేశారు. కాంతి వేగాన్ని దాటడం కుదరదు సరే, పుట్టుకతోనే దానికి అవతల ఉన్న కణాలు ఉంటే? సమీకరణాలు వాటిని నేరుగా నిషేధించవు. ఆ కణాలకి అంతా తలకిందులు. శక్తి పోగొట్టుకునేకొద్దీ వేగం పెరుగుతుంది, కాంతి వేగానికి దిగిరావాలంటే అనంతమైన శక్తి కావాలి. గోడ ఇటువాళ్లకే కాదు, అటువాళ్లకీ గోడే. 1967లో ఫైన్‌బర్గ్ వాటికి టాకియాన్లు అని పేరు పెట్టారు. ఇప్పటిదాకా ఒక్కటీ కంటపడలేదు. సుదర్శన్ తర్వాత తరమణిలోని గణిత శాస్త్రాల సంస్థకి డైరెక్టరుగా వచ్చారు.

ఇక ప్రశ్నలు.

"లేజర్‌ని చంద్రుడి మీద వేసి చేయి తిప్పితే ఆ చుక్క కాంతిని దాటదా?" దాటుతుంది. చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరం. సెకనుకి 60 డిగ్రీలు తిప్పితే చాలు. కానీ చుక్క అనేది ఒక వస్తువు కాదు, వేర్వేరు కాంతి కణాలు వేర్వేరు చోట్ల పడటం. చంద్రుడి ఈ అంచు మీదున్నవాడు ఆ చుక్కతో ఆ అంచువాడికి ఏ కబురూ పంపలేడు.

"నీళ్లలో ఎలక్ట్రాన్ కాంతిని దాటుతుందని చదివాం." అవునండి. నీళ్లలో కాంతి సెకనుకి 2,25,000 కిలోమీటర్లకి తగ్గుతుంది. ఎలక్ట్రాన్ దాన్ని దాటితే నీలి వెలుగు వస్తుంది, వాడిన అణు ఇంధనాన్ని ఉంచే నీటి తొట్టెల్లో కనిపించేది అదే. హద్దు శూన్యంలోని వేగం. అక్కడ ఎలక్ట్రాన్ దానికి లోపలే ఉంది.

"చెన్నై నుంచి బెంగళూరుకి గట్టి ఇనుప కడ్డీ పెట్టి ఇక్కడ తోస్తే, అక్కడ వెంటనే కదలదా?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. తోపు కడ్డీలో పరమాణువు నుంచి పరమాణువుకి అందుతూ పోవాలి, అంటే శబ్దంలా. ఉక్కులో అది సెకనుకి 5 కిలోమీటర్లు. తిన్నగా 290 కిలోమీటర్లకి దాదాపు ఒక నిమిషం. కాంతికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఫోన్ చేసి "తోశాను, చూసుకో" అని చెప్పేయొచ్చు.

"మా ఆఫీసులో సింగపూరు సర్వరుకి పింగ్ (సంకేతం వెళ్లి వచ్చే సమయం) తగ్గించమని తల తింటున్నారు." ఇక్కడి నుంచి సింగపూరుకి సముద్రం అడుగున కేబులు దాదాపు 3,200 కిలోమీటర్లు. గాజులో కాంతి సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 32 మిల్లీసెకన్లు. దాని పైన ఉన్నదాన్ని మీరు తగ్గించగలరు, ఆ 32ని మీ మేనేజరు కూడా తగ్గించలేరు.

"అసలు ఆ 29,97,92,458 అన్న అంకే ఎందుకు?" ఆ అంకెలో ప్రకృతి రహస్యం ఏమీ లేదమ్మా. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా దూరంలో కోటో వంతుని మీటరు అన్నారు. రోజులో 86,400వ వంతుని సెకను అన్నారు. ఒకటి భూమి సైజు, ఒకటి భూమి తిరుగుడు. ఆ రెండిటినీ కలిపితే ఇలాంటి అడ్డదిడ్డమైన అంకె వచ్చింది. 1983లో లెక్క తిరగేశారు. కాంతి వేగం ఇంతే అని ఖాయం చేసి, సెకనులో అన్నో వంతులో కాంతి పోయే దూరమే మీటరు అన్నారు. అందుకే ఆ అంకె పక్కన దశాంశాలు ఉండవు. దూరాన్ని కాలంతోనే చెప్పుకోవచ్చు కూడా. బయట పూలమ్మాయి మల్లెలు మూరవేసి ఇస్తుంది కదా. మూర అంటే పద్దెనిమిది అంగుళాలు. కాంతి లెక్కలో నానోసెకనున్నర పూలు.